పడవను గట్టెక్కించకండి

ఆంధ్రప్రదేశ్ జలవనరుల శాఖ, పర్యాటక శాఖ, పురావస్తు ప్రదర్శనశాలల శాఖల అధికారులకు, 2027 గోదావరి పుష్కరాల ఏర్పాట్లు చూస్తున్న పెద్దలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

గట్టెక్కడమంటే మన భాషలో కష్టం తీరడం. ఆ మాట పడవల మీద బతికిన వాళ్ళ నోటి నుంచే పుట్టి ఉంటుందని నా నమ్మకం. అయితే అది పడవలో కూర్చున్న మనిషికి వర్తిస్తుందే తప్ప పడవకు వర్తించదు. చెక్క పడవ గట్టెక్కి అక్కడే ఉండిపోయిందంటే దానికి రోజులు దగ్గర పడ్డట్టే. పుష్కరాల పేరుతో గోదావరి రేవులకు మళ్ళీ డబ్బు రాబోతున్న ఈ సమయంలో, పాత పడవలను వారసత్వంగా కాపాడాలన్న మాట అక్కడక్కడా వినబడుతున్న ఈ రోజుల్లో, ఆ కాపాడడం ఎలా జరగకూడదో, ఎలా జరగాలో నాకు తెలిసినంతలో మీ ముందు పెడదామని ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మా అమ్మగారి తండ్రి ధవళేశ్వరం నుంచి కాకినాడ వెళ్ళే కాలువ మీద సరుకు పడవ నడిపిన సరంగు. నేను బడిపంతులుగా పనిచేసి ఉద్యోగ విరమణ చేసినవాణ్ణి. పడవ కట్టడం నాకు చేతకాదు కానీ, ఒకప్పుడు వేసవి సెలవులన్నీ పడవల మరమ్మతు జరిగే గట్టు మీదే గడిపాను కనుక ఆ పని ఏ వరుసలో సాగుతుందో, ఎక్కడ తొందరపడితే చెడుతుందో కళ్ళారా చూశాను. నాకు ఇంతకు మించిన అర్హత లేదు.

కొన్నేళ్ళ క్రితం మా ప్రాంతంలోని ఒక పట్టణంలో, ఒక ప్రభుత్వ కార్యాలయం వారు పాత సరుకు పడవ ఒకదాన్ని ప్రదర్శనకు పెట్టారు. ఆ ఊరి పేరూ, ఆ కార్యాలయం పేరూ ఇక్కడ అనవసరం. వారి ఉద్దేశంలో లోపం లేదు. ఎవరూ పట్టించుకోని పడవను వెతికి తెచ్చినందుకు ప్రారంభోత్సవం నాడు చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. క్రేనుతో నీళ్ళలోంచి లేపి, పార్కులో రెండు సిమెంటు దిమ్మెలు కట్టి, ఒకదాని మీద ముందు భాగం, ఇంకొకదాని మీద వెనక భాగం ఆనేటట్టు నిలబెట్టారు. పలకల మధ్య సందులు కనబడుతున్నాయని సిమెంటు పూసి పూడ్చారు. పైన నీలం రంగు, అంచుకు ఎర్ర రంగు ఎనామిల్ పెయింటు వేశారు. పక్కన ఫోటోలు దిగడానికి మెట్లు కట్టారు.

మొదటి వేసవిలోనే ఎండకు చెక్క ముడుచుకుని, సందుల్లోని సిమెంటు బిళ్ళలు బిళ్ళలుగా ఊడి కింద పడింది. వానాకాలంలో ఆ సందుల్లోంచి దిగిన నీళ్ళలో కొంత పడవ అడుగున మూలల్లో నిలిచిపోయింది. బయట ఎనామిల్ పొర ఉండడంతో లోపలి తడి ఎటూ ఆరే దారి లేక, పైకి నున్నగా కనబడుతున్న పలక లోపల మెత్తబడిపోయింది. రెండో ఏడు దిమ్మె పగుల్లోంచి చెదలు ఎక్కాయి. పొడవాటి పడవ బరువంతా నీళ్ళు సమంగా మోయాల్సింది పోయి రెండు కొసలే మోయడం వల్ల మూడో ఏట మధ్యభాగం కుంగి, నడుం విరిగింది. ఆ తర్వాత ఒక రోజు వెళ్ళి చూస్తే దిమ్మెలు మాత్రమే మిగిలి ఉన్నాయి, వాటి మీద కుండీలు పెట్టి ఉన్నాయి. అరవై ఏళ్ళకు పైగా నీళ్ళలో నిలిచిన పడవ గట్టు మీద మూడేళ్ళు నిలవలేదు.

దీన్ని ఎవరి మీదో నింద వేయడానికి చెప్పడం లేదు. ఇందులో ప్రతి తప్పూ మంచి ఉద్దేశంతో, పడవ స్వభావం తెలియక జరిగిందే. రాతి విగ్రహాన్ని ఎలా కాపాడాలో, తాళపత్రాన్ని ఎలా కాపాడాలో మన శాఖలకు తెలుసు. పడవను ఎలా కాపాడాలన్నది మాత్రం ఏ దస్త్రంలోనూ కాదు, కొద్దిమంది ముసలి మేస్త్రీల చేతుల్లో ఉంది.

ఈ పడవల వెనక ఉన్న చరిత్ర మీకు తెలియనిది కాదు కానీ, ఏ పడవ గురించి మాట్లాడుతున్నానో స్పష్టంగా ఉండాలి కనుక కొంత చెప్పక తప్పదు. మన తీరంలో ఓడలు కట్టడం శాతవాహనుల నాటి నుంచీ ఉందనడానికి యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద కనబడే రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మే సాక్ష్యం. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం ఇంకా ముచ్చటైనది. తుపానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా మునుపటి రాజులు స్వాధీనం చేసుకునేవారనీ, తాను మాత్రం న్యాయమైన సుంకం తప్ప మరేమీ తీసుకోననీ ఆయన వర్తకులకు రాతి మీద మాట ఇచ్చాడు. మన ప్రాంతపు పాలకుడు ఓడల వాళ్ళను ఉద్దేశించి నేరుగా మాట్లాడిన సందర్భాలు చరిత్రలో ఎన్ని ఉన్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అందుకే ఆ శాసనం నాకు ఇష్టం.

గౌతమి పాయ సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఉన్న కోరంగి పద్ధెనిమిదో శతాబ్దంలో పెద్ద రేవు. ఓడలు కట్టడానికీ, దెబ్బతిన్న ఓడలను మరమ్మతు చేయడానికీ పేరు పడ్డ చోటు. ఇక్కడి నుంచి బర్మాకు వెళ్ళినవారు ఎంతమంది అంటే, రంగూన్‌లో తెలుగు కూలీలందరికీ కోరంగీలన్న పేరే స్థిరపడిపోయింది. 1789లో వచ్చిన తుపాను, ఆ తర్వాత 1839 నవంబరు 25న వచ్చిన ఉప్పెన ఆ రేవును ఊడ్చేశాయి. మేట వేయడం సరేసరి. ఈ రోజు కోరంగి అంటే జనానికి మడ అడవులు, అభయారణ్యమే గుర్తొస్తాయి. కానీ పక్కనే ఉన్న తాళ్ళరేవులో పడవ కట్టే విద్య ఆ తర్వాత కూడా నిలిచింది. సముద్రం మీదికి వెళ్ళే పెద్ద చెక్క నావలు అక్కడ తయారయ్యాయి. ఓడలు దూరంగా లంగరు వేస్తే వాటి సరుకును కాకినాడ ఒడ్డుకు చేర్చే పని కూడా తరతరాలుగా నావలదే.

నేను ప్రధానంగా మాట్లాడుతున్నది కాలువ పడవల గురించి. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆయన దృష్టిలో కాలువ పొలానికి ఎంత అవసరమో పడవకూ అంత అవసరం. భారతదేశానికి రైళ్ళకన్నా నీటి దారులే చవకైనవని లండన్ దాకా వెళ్ళి వాదించిన మనిషి ఆయన. అందుకే మన డెల్టా ప్రధాన కాలువలకు లాకులు, అంటే నీటిమట్టం మారే చోట పడవ దాటడానికి రెండు తలుపులుండే కట్టడాలు, కట్టారు. ఏలూరు కాలువ గోదావరిని బెజవాడ దగ్గర కృష్ణతో కలిపింది. కృష్ణ నుంచి కొమ్మమూరు కాలువ పెదగంజాం దాకా వెళ్ళింది. అక్కడి నుంచి బకింగ్‌హాం కాలువ మద్రాసు మీదుగా ఇంకా దక్షిణానికి సాగింది. 1806లో మద్రాసు దగ్గర చిన్నగా మొదలైన ఆ కాలువ, 1877-78 కరువు రోజుల్లో కూలి పనిగా తవ్వించిన ముక్కతో నగరం గుండా దారి ఏర్పడి, ఆనాటి గవర్నరు పేరు పెట్టుకుంది. అంటే కాకినాడలో పడవ ఎక్కిన మనిషి సముద్రం ముఖం చూడకుండా మద్రాసులో దిగగలిగే దారి ఒకటి ఉండేదన్న మాట. 1900లో గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన తెరిచాక దూరప్రయాణాలు రైలు పాలయ్యాయి. అయినా ఊరికీ ఊరికీ మధ్య రాదారి పడవలు, ధాన్యం, కొబ్బరికాయ, ఉప్పు, కలప మోసే సరుకు పడవలు లారీల రోజులు వచ్చేదాకా కాలువల్లో తిరుగుతూనే ఉన్నాయి.

ఆ సరుకు పడవ ఆకారం ఊరికే వచ్చింది కాదు. కాలువ లోతు తక్కువ కనుక అడుగు బల్లపరుపుగా ఉండేది. లాకు రెండు తలుపుల మధ్య పట్టాలి కనుక పొడవుకు ఒక హద్దు ఉండేది. బరువు ఎక్కువ మోయాలి కనుక ఆ హద్దు దాకా పొడవు సాగదీసేవారు. మా తాతగారి పడవ యాభై రెండు అడుగులని మా అమ్మ చెప్పేది. గాలి కలిసొస్తే తెరచాప, లేకపోతే గడ, ఎదురు నీటిలో అయితే కొయ్యకు మోకు కట్టి ఇద్దరు మనుషులు గట్టు మీద వంగి నడుస్తూ లాగడం. పడవకు చెప్పులు అరగవు, లాగేవాడి కాళ్ళే అరుగుతాయని మా తాతగారు నవ్వుతూ అనేవారట. ఆ జీవితంలో సుఖం ఉండేదని నేను అనను. ఆ రోజులు తిరిగి రావాలని కూడా నేను కోరుకోవడం లేదు.

ఇక అసలు విషయమైన పోషణకు వస్తాను. మిగిలినదంతా మీరు మరిచిపోయినా ఇది గుర్తుంచుకోవాలని నా విన్నపం.

పడవకు టేకు మంచిదని అందరికీ తెలుసు. భద్రాచలం ఏజెన్సీ నుంచి దుంగలను తెప్పలుగా కట్టి గోదావరి మీద రాజమండ్రికి వదిలేవారు కాబట్టి ఇక్కడ టేకుకు కరవు ఉండేది కాదు. కానీ పలకలను లోపలి నుంచి పట్టి ఉంచే వంపు కర్రలకు మేస్త్రీలు వెతికేది నల్లతుమ్మను. నిటారు మానును కోసి వంపు తెస్తే నార తెగిపోయి బలం ఉండదు. చెట్టే వంపు తిరిగి పెరిగిన చోట, కొమ్మ కాండంలోంచి చీలే చోట దొరికే కర్రలో నార ఆ వంపు వెంబడే నడుస్తుంది. మా చిన్నప్పుడు ఒక మేస్త్రి మాతోపాటు చెరువు గట్టున నడుస్తూ ఒక తుమ్మ చెట్టు ముందు ఆగి, చెయ్యి చాచి గాలిలో ఒక గీత గీసి, ఇందులో రెండు ఉన్నాయి అన్నాడు. ఆయనకు అక్కడ కనబడింది చెట్టు కాదు, పడవ పక్కటెముకలు. కాగితం మీద గీసిన ప్లాను ఆయన దగ్గర ఎప్పుడూ చూడలేదు. మూర, జాన, బెత్తెడు లెక్కలతో, ఒక దారంతో, కంటి కొలతతో పని నడిచేది.

ఏటా పోషణ ఎప్పుడు జరిగేదో జలవనరుల శాఖ వారికి చెబితే వెంటనే అర్థమవుతుంది. వేసవిలో మీరు కాలువలు కట్టేసి పూడికలు తీయించి, లాకులు బాగుచేయించే రోజుల్లోనే పడవల పని కూడా జరిగేది. కాలువ కట్టేసే ముందు పడవను గట్టు వాలుగా ఉన్న చోటికి తెచ్చి, కింద తాటి దుంగలు పరిచి, వాటి మీద దొర్లిస్తూ పైకి లాగేవారు. లాగిన వెంటనే దాని మీద తాటాకుల పందిరి వేసేవారు. పందిరి మనుషుల నీడకని అనుకునేవాణ్ణి, ఎండలో కూర్చోబెడితే పడవ పగులుతుందని తర్వాత తెలిసింది. పని జరగని పక్క తడి గోనెలు కప్పి ఉంచేవారు.

ముందు అడుగున పట్టిన నాచు, గుల్లలు గోకేవారు. ఎండు తాటాకులు కాగడాగా కట్టి అడుగంతా మంట పాకించేవారు, చెక్క మాడకుండా, పైపై తేమ పోయి పట్టిన పురుగు చచ్చేంత మాత్రం. ఉప్పునీటిలో తిరిగే నావల్లో కొయ్యను లోపల్లోపల తొలిచే పురుగు పడుతుంది. దానికి అన్నిటికన్నా చవకైన మందు మంచినీళ్ళు, అందుకని సముద్రపు నావను ఏడాదికోసారి ఏటి మీదికి తెచ్చి కొన్నాళ్ళు ఉంచేవారు. ఆ తర్వాత సందుల్లోని పాత నారను కొక్కెంతో లాగి, కొత్త నార పేనుతూ లోపలికి కూరేవారు. ఈ పని చూసిన వాళ్ళకు దాని చప్పుడు మరుపు రాదు. ఒక చేత్తో మొండి ఉలి, ఇంకో చేత్తో కొయ్య సుత్తి పట్టుకుని, మేస్త్రి తల ఒక పక్కకు వంచి దెబ్బ వేసేవాడు. నార ఇంకా వదులుగా ఉంటే డబ్ డబ్ మని మొద్దు శబ్దం వచ్చేది. బిగువు సరిపోయిన చోట దెబ్బ టంగుమని తిరిగొచ్చేది. అక్కడ ఆపాలి. ఇంకొక్క దెబ్బ ఎక్కువ వేస్తే రేపు తడిసి ఉబ్బినప్పుడు ఆ పలకే పక్క పలకను మేకుల్లోంచి నెట్టేస్తుంది. పనివాడికి చెవి లేకపోతే చెయ్యి దండగ అనేవాడు మా మేస్త్రి. చివరికి గుగ్గిలం పొడిని నూనెలో కాచి, వేడివేడిగా ఆ సందుల మీద పట్టించి, పడవంతటికీ నూనె పూసేవారు.

ఆ తర్వాత చూసేవాళ్ళకు వింతగా ఉండే ఘట్టం ఒకటి ఉంది. ఇంత పనీ చేసి నీళ్ళలోకి దింపిన పడవ మొదటి రోజు కారుతుంది. కారాలి కూడా. చెక్క నీళ్ళు తాగి ఉబ్బి, పలకలు ఒకదాన్నొకటి ఒత్తుకుని, మధ్యనున్న నారను నొక్కి పట్టాకే కారడం ఆగుతుంది. దానికి రెండు మూడు రోజులు పడుతుంది, అంతదాకా ఒక మనిషి డబ్బా పట్టుకుని తోడుతూ ఉండాలి. దీన్ని బట్టి పడవను నీటి నుంచి ఎక్కువకాలం ఎందుకు దూరంగా ఉంచకూడదో మీకు నేను వేరే చెప్పనక్కరలేదు. సందు అంటే పడవకు రోగం కాదు, అది ఊపిరి తీసుకునే చోటు. అందులో సిమెంటు పెడితే చెక్క ఉబ్బినప్పుడు తట్టుకోదు, ముడుచుకున్నప్పుడు అంటుకుని ఉండదు.

ఇక్కడ మీ వైపు నుంచి వచ్చే న్యాయమైన అభ్యంతరాలు నాకు తెలుసు. ఇంత పోషణ పడలేకే కదా జనం చెక్క పడవలు వదిలేశారంటారు. నిజమే. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1979లో మొదలుపెట్టిన బంగాళాఖాత కార్యక్రమం వంటి ప్రయత్నాలతో ఫైబర్ పడవలు మన తీరానికి వచ్చాయి. అవి తేలిక, పురుగు పట్టదు, ఏటేటా నార కూరే పని లేదు. వేటకు వెళ్ళే మనిషిని చెక్క పడవకు తిరిగి రమ్మనడం గట్టు మీద కూర్చున్న నా వంటి వాడు చేయదగిన పని కాదు. టేకు ధర సంగతి అందరికీ తెలిసిందే. నేను అడుగుతున్నది వాడకానికి వందల పడవలు కాదు. విద్య నిలవడానికి ఎన్ని పడవలు అవసరమో అన్నే, బహుశా రెండు లేక మూడు.

అలా నిలబెట్టిన వాళ్ళు పక్క రాష్ట్రాల్లోనే ఉన్నారు. కేరళలో వంద అడుగులు దాటిన చుండన్ వళ్ళాలు, అంటే పొడవాటి పాము పడవలు, పోటీలకే పరిమితమైనా వాటిని కట్టే ఆశారుల, అంటే వడ్రంగుల, పని ఆగలేదు. 1952లో నెహ్రూ అలెప్పీ వెళ్ళినప్పుడు జరిగిన పోటీ తర్వాత ఆయన పంపిన వెండి పడవ బహుమతి ఈ రోజుకీ ఒక పండుగకు కారణంగా నిలిచింది. ఆరన్ముళలో అయితే పడవ ఒక వ్యక్తిది కాదు, కర అని పిలిచే ఊరి సమూహానిది. పంబ ఒడ్డున ఉన్న ఆ కరలు తమ తమ పళ్ళియోడాలనే ఆ పడవలను దేవుడి సొత్తుగా భావించి షెడ్డుల్లో ఉంచి, నూనె పూసి, వేళకు నీళ్ళలోకి దింపుతాయి. అక్కడ పడవను కాపాడుతున్నది ప్రదర్శనశాల కాదు, ఏడాదికోసారి దాన్ని తప్పక నీళ్ళలోకి దింపాల్సిన ఒక తేదీ. మన ఆత్రేయపురం కాలువలో సంక్రాంతికి జరుగుతున్న పడవ పోటీలను చూసినప్పుడు నాకు సంతోషమూ, చిన్న వెలితీ రెండూ కలిగాయి. కాలువ మనది, పండుగ మనది, తెడ్డు వేసే కుర్రాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు, కానీ పడవ మన గోదావరి పడవ కాదు.

ప్రభుత్వాలు తలుచుకుంటే కాదన్న మాటకు కూడా తావు లేదు. అజంతా చిత్రంలోని ఓడను చూసి, కొబ్బరి తాడుతో పలకలు కుట్టి, కేరళ మేస్త్రీల చేత గోవాలో కట్టించిన కౌండిన్య అనే ఓడను భారత నౌకాదళం 2025 మే నెలలో తన సేవలోకి తీసుకుంది. డబ్బు కేంద్ర సాంస్కృతిక శాఖ ఇచ్చింది. ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. పలకలను తాడుతో కుట్టే పద్ధతి మన కోస్తాకు కొత్త కాదు. ఎగసిపడే అలల్లో గట్టిగా బిగించిన పడవ పగులుతుందనీ, కుట్టిన పడవ వంగి నిలుస్తుందనీ తెలిసి కట్టిన మసూలా పడవలు ఇదే తీరాన ఇటీవలి కాలం దాకా అలివి వలలు వేయడానికి వెళ్ళేవి. వాటిని కుట్టిన చేతులను మనం వెతికి పట్టుకున్నామా అన్న ప్రశ్న ఆ ఓడ ఫోటో చూసినప్పుడల్లా నాకు కలుగుతుంది.

మరి అడ్డం ఎక్కడ వస్తోంది? నేను చూసినంతలో డబ్బు దగ్గర కాదు, పద్ధతి దగ్గర. పడవ బాగు చేయించాలని ఒక ఇంజనీరుగారికి నిజంగా మనసున్నా, నార కూరే పనికి గజానికి ఎంత అని అంచనా రాయాలో ఆయనకు చెప్పేవాళ్ళు లేరు. టెండరు పిలిస్తే ధరావతు కట్టగలిగిన, జీఎస్టీ నంబరు ఉన్న కాంట్రాక్టరు తక్కువ ధరకు పాడుకుంటాడు. ఆయన రోడ్డు పనికీ, పార్కు పనికీ, పడవ పనికీ ఒకే మేస్త్రిని, ఒకే సిమెంటు బస్తాను పంపుతాడు. డెబ్బై ఏళ్ళ పడవ మేస్త్రికి ఆ కాగితాలేవీ లేవు. ఆయన కొడుకు ఫర్నిచర్ షాపులో మంచాలు చేస్తున్నాడు, మనుమడు ఫైబర్ అచ్చులు పోస్తున్నాడు. వాళ్ళను తప్పు పట్టడానికి లేదు. తండ్రి పనికి పిలుపు వచ్చి ఎన్నాళ్ళయిందో వాళ్ళకు తెలుసు.

కాబట్టి నా విన్నపాలు ఇవి. డెల్టాలో ఇంకా మిగిలి ఉన్న చెక్క పడవల్లో, కదిలించదగిన స్థితిలో ఉన్నవాటిని గుర్తించి, ఒకటో రెండో కొని, వాటిని పార్కులకు కాక నీళ్ళకే ఇవ్వండి. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం పక్కన, లాకుల దగ్గర, ఏడాది పొడుగునా నీరుండే చోటు ఒకటి చూసి, దాని మీద నీడ వేస్తే చాలు. మ్యూజియంలో ఆనకట్ట నమూనాలు చూసి బయటికి వచ్చిన పిల్లవాడికి, ఆ ఆనకట్ట ఎవరికోసం లాకులు పెట్టుకుందో కళ్ళెదుట తేలుతూ కనబడుతుంది. ఆ పడవను నెలకోసారైనా లాకులోంచి దాటించండి. పడవ కోసం తెరుచుకోని లాకు తలుపు కూడా పడవలాగే బిగుసుకుపోతుందని మీ ఫీల్డు సిబ్బందిని అడిగితే చెబుతారు. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న ఈ కాలువలనూ, గోదావరి, కృష్ణ భాగాలనూ కలిపి 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. ఇనుప బార్జీలు ఎప్పుడు వస్తాయో గానీ, ఆ లాకులను బతికించి ఉంచడానికి ఒక చెక్క పడవ ఇప్పుడే సరిపోతుంది.

మరమ్మతు పనిని టెండరు చట్రం నుంచి తప్పించి, దేవాలయ శిల్పులకు, చేనేత కళాకారులకు ప్రభుత్వం నేరుగా పని అప్పగించే పద్ధతుల్లో ఏదో ఒకదాని కిందికి తేవడం సాధ్యమేనా అని మీ ఆర్థిక సలహాదారులను ఒక్క మాట అడగండి. మేస్త్రితోపాటు ఇద్దరు కుర్రవాళ్ళకు ఏడాది పొడుగునా జీతం ఇచ్చి, వేసవిలో పెద్ద మరమ్మతు, మిగతా రోజుల్లో చిన్న పనులు, చిన్న దోనె కట్టడం నేర్పించే ఏర్పాటు చేయండి. రోడ్ల వెడల్పు కోసం కొట్టేసే తుమ్మ చెట్లలో వంపు కర్రలను వేలానికి ముందే మేస్త్రి వచ్చి ఏరుకోవడానికి అటవీ శాఖతో మాట్లాడి అనుమతి ఇప్పించండి. వంట చెరకు కింద పోయే ఆ కర్ర ఆయనకు బంగారం. విశాఖలోని ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రాంగణంలో నౌకా నిర్మాణం చదివే విద్యార్థులను పిలిచి, మిగిలిన ప్రతి పడవ కొలతలూ తీయించండి. కానీ కొలతలు తీసేటప్పుడు పక్కన మేస్త్రి కూర్చుని ఉండాలి, ఎందుకంటే ఏ పలక ఎందుకు అంత మందంగా ఉందో టేపు చెప్పదు.

పర్యాటక శాఖ వారికి ఒక మాట. ఈ పడవ మీద జనాన్ని ఎక్కించి తిప్పమని నేను అడగడం లేదు. గోదావరి మీద జరిగిన ప్రమాదాలు మనందరికీ గుర్తున్నాయి, ఆ విషయంలో మీరు పెట్టిన నిబంధనలు సడలించమని ఎవరూ కోరకూడదు. పడవ తేలుతూ ఉంటే, దాని మీద పని జరుగుతూ ఉంటే, గట్టున నిలబడి చూడడమే చాలు. సుత్తి చప్పుడు వినడానికి టిక్కెట్టు పెట్టినా కొనేవాళ్ళు ఉంటారు, నేను మాత్రం తప్పక కొంటాను.

వేసవిలో కాలువలు కట్టే తేదీని జలవనరుల శాఖ ఎప్పటిలాగే ప్రకటిస్తుంది. ఆ ప్రకటనతోపాటే, ఫలానా లాకు దగ్గర ఫలానా రోజున ఒక పడవను గట్టుకు లాగి నార కూరించి, కాలువ వదిలే రోజున తిరిగి దింపుతామన్న మాట కూడా చేరిస్తే, పనికి ముసలి మేస్త్రులను ఒప్పించి వెంటబెట్టుకుని వచ్చే బాధ్యత నాది. వాళ్ళలో ఇద్దరు ఇంకా ఉలి పట్టగలరు. తాటాకులు, గోనెలు మా ఊరి నుంచి తెస్తాం. నీళ్ళు తోడడానికి డబ్బాలు కూడా తెస్తాం, మొదటి మూడు రోజులూ అది కారుతుంది కనుక.

ఇట్లు,
ధవళేశ్వరం కాలువ మీద పడవ నడిపిన ఒక సరంగు మనుమడు